చరిత్ర పాఠంలో ఆట ఎంతవరకు?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు ఉత్తరం రాస్తూ, "మీరిద్దరూ అమెరికాలో హైస్కూలు పిల్లలకు ఆ దేశపు చరిత్రే చెబుతున్నారట. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లు వాళ్ల చరిత్ర వాళ్లకే చెబితే ఆ పిల్లలు వింటారా? వినేటట్లు ఎలా చేస్తారు? అది చెప్పండి చాలు" అన్నారు. పెద్దలమాట కాదనలేక ఈ నాలుగు కాగితాలు మేమిద్దరం కలిసి రాసుకొని వచ్చాము. ఇందులో మేము సాధించినదేదో చెప్పుకొనే ఉద్దేశం లేదు. మేము చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు దిద్దుకొనేటప్పుడు నేర్చుకొన్నది చెప్పాలి. అంతే.

మేము భార్యాభర్తలం. దక్షిణ కరొలినా రాష్ట్రంలో ఒక ప్రభుత్వ హైస్కూలులో పక్కపక్క గదుల్లో పాఠం చెబుతాము. అక్కడ అమెరికా చరిత్ర సాధారణంగా పదకొండో తరగతిలో వస్తుంది. అంటే పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, ఇద్దరు ముగ్గురు మన దేశపు పిల్లలు, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. చరిత్ర అనగానే ఆవలించడంలో మాత్రం ఏ దేశపు పిల్లలకూ తేడా లేదండీ. తేదీలు, యుద్ధాలు, అధ్యక్షుల పేర్లు. "ఇది పరీక్షకు వస్తుందా సార్?" అన్న ప్రశ్న ఒక్కటే వాళ్లు మనస్ఫూర్తిగా అడిగేది.

అందువల్ల మొదటి సంవత్సరమే మేమొక నిర్ణయానికి వచ్చాము. పాఠ్యపుస్తకం చివర తెరవాలి. ముందు పిల్లల చేతిలో ఒక పాత కాగితమో, బొమ్మో పెట్టాలి. దానిమీద ఒక్కటే ప్రశ్న వేయాలి. అది ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాము.

1770 మార్చి 5వ తేదీ రాత్రి బోస్టన్ నగరంలో బ్రిటిష్ సైనికులు జనంమీద కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. వారిలో క్రిస్పస్ ఆటక్స్ అనే నల్లజాతి నావికుడు ఒకడు. మూడు నాలుగు వారాలు తిరక్కుండా పాల్ రెవీర్ అనే వెండి పనివాడు ఆ ఘటనమీద ఒక బొమ్మ చెక్కి అచ్చువేసి అమ్మాడు. ఆ బొమ్మ మేము పిల్లలకు ఇస్తాము. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టించి, ఒక్కొక్క భాగంలో ఏం కనబడుతుందో రాయమంటాము. సైనికులు ఒక్క వరుసలో నిలబడి ఒక్కసారిగా తుపాకులు పేలుస్తున్నారు. వాళ్ల వెనక కెప్టెన్ కత్తి ఎత్తి ఆజ్ఞ ఇస్తున్నాడు. ఎదుట జనం చేతిలో కర్ర కూడా లేదు. పిల్లలంతా ఏకగ్రీవంగా "ఇది హత్య" అంటారు.

అప్పుడు రెండో కాగితం ఇస్తాము. అది కెప్టెన్ థామస్ ప్రెస్టన్ వాంగ్మూలం. నేను తుపాకుల ముందు నిలబడి ఉన్నాను, కాల్చమని చెబితే ముందు చచ్చేది నేనే కదా అన్నది అతని వాదన. జనం కర్రలతో కొట్టారని, మంచుగడ్డలు విసిరారని కూడా అతను చెప్పాడు. ఇక మూడో సంగతి. ఆ సైనికుల తరఫున కోర్టులో వాదించినవాడు జాన్ ఆడమ్స్. బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఎదిరించినవాడే, తరువాత అమెరికా రెండవ అధ్యక్షుడైనవాడే. కెప్టెన్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఎనిమిదిమంది సైనికులలో ఆరుగురు విడుదలయ్యారు. ఇద్దరికి మాత్రం హత్య కాని ప్రాణహాని నేరంమీద బొటనవేలిపై వాత పెట్టారు.

ఇక క్లాసులో గోల చూడాలి. "బొమ్మ అబద్ధమా?" అంటాడొకడు. "కోర్టే అబద్ధం కావచ్చుగా?" అంటుంది ఇంకో పిల్ల. "బొమ్మ వేసినవాడికి ఏం లాభం?" అని మూడోవాడు. ఈ మూడో ప్రశ్న కోసమే మేము కాచుకొని ఉంటాము. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికోసం చెప్పారు? ఈ మూడు ముక్కలు నోట్లో పడ్డ పిల్లవాడు మళ్లీ ఏ కరపత్రం చూసినా, సెల్‌ఫోనులో ఏ వార్త చూసినా తొందరపడి నమ్మడు. చరిత్ర పాఠం వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవారికి మా జవాబు ఇదే.

మరొకటి లెక్కల పాఠంలా ఉంటుంది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్నవారికి ఒక చిక్కు వచ్చింది. ప్రతినిధుల సభలో సీట్లు జనాభాను బట్టి ఇవ్వాలి. మరి బానిసలను జనాభాలో లెక్కపెట్టాలా, వద్దా? ఓటు లేదు, స్వేచ్ఛ లేదు, అమ్మితే అమ్ముడుపోవాలి. కాని సీట్లకోసం మాత్రం లెక్కలోకి రావాలని దక్షిణాది పెద్దలు పట్టుబట్టారు. చివరకు ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కకట్టడానికి ఒప్పందం కుదిరింది. పాఠ్యపుస్తకంలో ఇది ఒకటి రెండు వాక్యాలు. పిల్లలు చదివి పేజీ తిప్పేస్తారు.

మేము పేజీ తిప్పనివ్వము. 1790లో జరిగిన మొదటి జనాభా లెక్కలు బోర్డుమీద రాస్తాము. న్యూహాంప్‌షైర్‌లో స్వేచ్ఛగా ఉన్న జనం సుమారు 1 లక్ష 42 వేలు, బానిసలు 160 మందికి లోపు. మా దక్షిణ కరొలినాలో స్వేచ్ఛగా ఉన్న జనం అక్కడా సుమారు 1 లక్ష 42 వేలే. కాని బానిసలు 1 లక్ష 7 వేలు. 33 వేల మందికి ఒక సీటు చొప్పున, మిగిలిన భిన్నం వదిలేసి లెక్క వేయమంటాము. బానిసలను అసలు కలపకపోతే రెండు రాష్ట్రాలకూ చెరి నాలుగు సీట్లు వస్తాయి. అందరినీ కలిపితే దక్షిణ కరొలినాకు ఏడు. ఐదింట మూడు వంతులు కలిపితే ఆరు. నిజంగా ఆ రాష్ట్రానికి వచ్చినవి ఆరు సీట్లు. న్యూహాంప్‌షైర్‌కు వచ్చినవి నాలుగు.

ఈ లెక్క వాళ్ల చేత్తో వాళ్లు వేసిన తరువాత గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఒకసారి వెనక బెంచీ కుర్రవాడు, ఏడాదంతా నోరు విప్పనివాడు, "అయితే ఆ రెండు సీట్లలో కూర్చున్నవాళ్లు ఎవరి తరఫున కూర్చున్నట్టు?" అని అడిగాడు. మేము గంటసేపు ఉపన్యసించినా ఆ ప్రశ్న పుట్టేది కాదు.

ఇంతవరకు విన్నవారు, బాగానే ఉందే, తప్పు ఎక్కడ చేశారు అనుకొంటారు. అదే చెబుతున్నాము.

ఇటువంటి పాఠాలు రెండు మూడు బాగా నడిచేసరికి మాకు కొంచెం గర్వం వచ్చింది. పిల్లలు కదలాలి, చేయాలి, అనుభవించాలి, అప్పుడే పాఠం వంటబడుతుందని అనుకొన్నాము. బానిసల ఓడల పాఠం వచ్చింది. 1788లో ఇంగ్లండులో బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించినవారు 'బ్రూక్స్' అనే ఓడ పటం అచ్చువేశారు. ఓడ అడుగున మనుషులను ఎలా పేర్చేవారో అందులో గీసి చూపించారు. ఒక మగమనిషికి ఆరడుగుల పొడవు, ఒక అడుగు నాలుగు అంగుళాల వెడల్పు. ఆ కొలతలు మేము నేలమీద రంగు టేపుతో గీశాము. మా రెండు క్లాసుల పిల్లలనూ ఒకే గదిలోకి పిలిచి, లైట్లు ఆర్పి, ఆ గీతల్లో పడుకోమన్నాము. పది నిమిషాలు కదలకూడదన్నాము. మంచి ఆలోచన చేశామనే అనుకొన్నాము.

ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కొందరు పిల్లలు కిచకిచ నవ్వారు. ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇంకొకడు సెల్‌ఫోను తీశాడు. ఒక నల్లజాతి అమ్మాయి మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయింది. పడుకోలేదు. కూర్చోలేదు. ఎందుకమ్మా అని అడిగితే తల వంచుకొన్నది. బెల్లు కొట్టగానే అందరూ లేచి దులుపుకొని భోజనానికి పరుగెత్తారు. అప్పుడా అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "బెల్లు కొట్టారు, వాళ్లు లేచిపోయారు సార్. అంతేనా?" అన్నది. ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఆ అమ్మాయి నాయనమ్మగారు స్కూలుకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. చర్చికి కట్టుకొనే మంచి బట్టలు వేసుకొని, చేతిసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. కేకలు వేస్తారనుకొన్నాము. ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేస్తారనుకొన్నాము. ఆమె ఏదీ చేయలేదు. నెమ్మదిగా, "ఈ పాఠం చెప్పవద్దని అడగడానికి నేను రాలేదు. నా చిన్నప్పుడు ఈ ఊళ్లో దీన్ని అసలు చెప్పేవారే కాదు. మీరు చెప్పండి, దాచకుండా చెప్పండి. కాని మావాళ్ల చావును ఆట చేయకండి. వాళ్లు ఏం మాట్లాడారో అది పిల్లలకు వినిపించండి" అన్నారు.

మేము క్షమించమని అడిగాము. ఆమెను, తరువాత ఆ అమ్మాయిని, ఆ తరువాత క్లాసులో అందరి ఎదుటా. ఉపాధ్యాయులు పిల్లల ముందు తప్పు ఒప్పుకొంటే గౌరవం పోతుందని కొందరు అంటారు. మాకైతే పోలేదు. ఆ రోజు నుంచి పిల్లలు కూడా తమకు తెలియనిది తెలియదని చెప్పడం మొదలుపెట్టారు.

ఇక నాయనమ్మగారి చివరిమాట పట్టుకొని వెదకడం ప్రారంభించాము. వాళ్లు ఏం మాట్లాడారు? దొరికింది. 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పిస్తూ, ఒకనాడు బానిసలుగా బతికి అప్పటికి ఇంకా జీవించి ఉన్న ముసలివాళ్లను వెదికి వారి మాటలు రాయించింది. రెండువేల మూడువందలకు పైగా కథనాలు పోగయ్యాయి. అవన్నీ ఈనాడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

వాటిలో మా రాష్ట్రానికి చెందిన చార్ల్‌స్టన్ నగరపు ముసలామె ఒకామె ఉన్నది. ఆమె పేరు సూసన్ హామ్లిన్. 1937లో ఆమెను ఇద్దరు వేరువేరుగా కలిశారు. మొదటి కథనం రాసుకొన్నది జెస్సీ బట్లర్ అనే తెల్ల వనిత. ముసలామె ఆమెను సహాయనిధి కార్యాలయం నుంచి వచ్చిన మనిషి అనుకొన్నది. ఆ కథనంలో యజమాని మంచివాడు, బాగా చూసుకొన్నాడు అని ఉంటుంది. రెండవ కథనం రాసుకొన్నది ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి రచయిత. అందులో ముసలామె పేరు హామిల్టన్ అని పడింది. మనిషి ఆమే. ఇందులో మాత్రం తల్లీబిడ్డలను విడదీసి అమ్మడం, ఆ తల్లుల ఏడుపులు, కొరడా దెబ్బలు అన్నీ ఉన్నాయి.

మేము ఎవరు రాసుకొన్నారో చెప్పకుండా ముందు రెండు కథనాలూ ఇస్తాము. సగం క్లాసుకు ఒకటి, సగం క్లాసుకు ఒకటి. పదిహేను నిమిషాల తరువాత రెండు జట్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, బానిసత్వం ఎటువంటిదో ఒకరికొకరు చెప్పుకోమంటాము. వాళ్లకు పొసగదు. "నువ్వు చదివింది ఎవరిది?" "సూసన్ హామ్లిన్." "మాదీ ఆ ముసలామెలాగే ఉందే, చార్ల్‌స్టనే!" ఇక ఒకటే కలకలం. అప్పుడు రాసుకొన్నవారి పేర్లు, వివరాలు బోర్డుమీద రాస్తాము. పేదరికంలో ఉన్న ముసలామె, సాయం చేసే కార్యాలయం నుంచి వచ్చిందనుకొన్న తెల్లమనిషి ఎదుట ఏం మాట్లాడుతుంది? తనవాడు అనుకొన్న మనిషి ఎదుట ఏం మాట్లాడుతుంది? మనం మాత్రం ఇంటికి వచ్చిన ఆఫీసరుతో మాట్లాడినట్టు చుట్టంతో మాట్లాడుతామా?

ఈ పాఠంలో ఎవరూ పడుకోలేదు. ఎవరూ నటించలేదు. నవ్వినవాడూ లేడు. మొన్న తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి ఆ రోజు తన జట్టు తరఫున లేచి, "ఆమె అబద్ధం చెప్పలేదు. ఎవరి దగ్గర ఎంత చెప్పవచ్చో చూసుకొని చెప్పింది" అన్నది. ముప్ఫై ఏళ్లు పరిశోధన చేసినవారు చెప్పే మాట అది.

ఇక్కడ మన సభకు దగ్గరైన సంగతి ఒకటి చెప్పాలి. ఉమర్ ఇబ్న్ సయీద్ అనే పండితుడు పశ్చిమ ఆఫ్రికాలో ఏళ్ల తరబడి మదర్సా చదువు చదివినవాడు. పట్టుబడి 1807లో ఈ చార్ల్‌స్టన్ రేవులోనే దిగి అమ్ముడుపోయాడు. తరువాత ఉత్తర కరొలినాలో బానిసగా ఉంటూ 1831లో తన జీవితకథను అరబ్బీలో రాసుకొన్నాడు. అమెరికాలో బానిసగా ఉండగా అరబ్బీలో రాసిన స్వీయచరిత్రగా నేటికి మిగిలినది అదొక్కటేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు చెబుతారు. 2017లో వారే దాన్ని సంపాదించి భద్రపరిచారు. ఆ రచన ఖురాన్‌లోని సూరా అల్ ముల్క్‌తో మొదలవుతుంది. సర్వాధిపత్యం ఎవరిదన్నదే ఆ సూరా విషయం. అదే రచనలో తన యజమానిని మెచ్చుకొన్నాడు. అతను క్రైస్తవం తీసుకొన్నట్టు చర్చి వారి లెక్కల్లో ఉంది. మరి ఆధిపత్యం అల్లాహ్‌దే అన్న అధ్యాయంతో ఎందుకు మొదలుపెట్టాడు? యజమానికి అరబ్బీ రాదు కదా, ఎవరు చదువుతారని రాశాడు? మేము జవాబు చెప్పము. పిల్లలు సూసన్ హామ్లిన్‌ను జ్ఞాపకం తెచ్చుకొని వాళ్లే ఆలోచిస్తారు. బానిసలంటే చదువురాని మూక అనుకొన్న పిల్లలకు ఆ అరబ్బీ పేజీ ఒక్కటి చూపితే చాలు, ఆ భ్రమ పోతుంది.

అయితే నాటకం వేయించడం మానేశారా అని అడుగుతారేమో. మానలేదు. హద్దు తెలుసుకొన్నాము. బాధపడ్డవాడి బాధను నటించమనకూడదు. నిర్ణయం తీసుకొన్నవాడి కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. ఓడలో మనిషిని నటిస్తే పిల్లవాడికి దక్కేది పది నిమిషాల వింత. జడ్జిగా కూర్చుంటే మాత్రం కారణాలు చెప్పక తప్పదు.

దానికి మేము ఎంచుకొన్న కేసు భగత్‌సింగ్ థిండ్‌ది. పంజాబు నుంచి వెళ్లిన సిక్కు. 1918లో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో 'తెల్లవారి'కి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం. 1922లో ఒజావా అనే జపాను వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు, తెల్లరంగు ఉంటే చాలదు, కకేషియన్ జాతివాడై ఉండాలన్నది. సరే, శాస్త్రవేత్తల ప్రకారం ఉత్తర భారతీయులు కకేషియన్లే కదా అన్నాడు థిండ్. 1923లో అదే కోర్టు, శాస్త్రం కాదు, సామాన్య మానవుడు తెల్లవాడని ఎవరిని అనుకొంటాడో అదే లెక్క అని తోసిపుచ్చింది. మన దేశీయులకు ఆ తలుపు తెరుచుకొన్నది 1946లో. అప్పుడు కూడా ఏడాదికి వందమందికి మాత్రమే వలస అనుమతి.

పిల్లలను మూడు భాగాలు చేస్తాము. థిండ్ తరఫువారు, ప్రభుత్వం తరఫువారు, జడ్జీలు. ముందు చెప్పిన తీర్పు పక్కన ఈ తీర్పు పెట్టి చూసిన జడ్జీల ముఖాలు చూడాలండీ! ఒకసారి మన తెలుగు కుర్రవాడే జడ్జీగా కూర్చున్నాడు. థిండ్‌కు అన్యాయం జరిగిందని రాస్తూనే, "అతను కూడా తాను ఉన్నత కులంవాణ్ణని, ఆర్యుణ్ణని చెప్పుకొన్నాడు. గీత తప్పు అనలేదు. గీతకు ఇవతల తనను నిలబెట్టమన్నాడు" అని రాశాడు. మేము ఆ కాగితం దాచుకొన్నాము. మనవాడు కదా అని వదిలిపెట్టకుండా, పరాయివాడు కదా అని నిందించకుండా చూడగలిగితే చరిత్ర చదువుకొన్నట్టే.

ఇటువంటి పాఠాలు చెప్పడం ఈనాడు అక్కడ తేలికేమీ కాదు. 2021 నుంచి కొన్ని రాష్ట్రాలలో జాతి విషయాలు క్లాసులో ఎలా చెప్పాలన్నదానిమీద చట్టాలు వచ్చాయి. ఉపాధ్యాయులు భయపడి మాట మింగుతున్నారు. మాకు తోచింది ఒకటే దారి. మా అభిప్రాయం పిల్లలమీద రుద్దము. కాగితం ముందు పెడతాము. ప్రభుత్వ జనాభా లెక్క, కోర్టు తీర్పు, ముసలామె మాట. వాటిని చదవవద్దని ఎవరంటారు?

ఇక చివరి సంగతి చెప్పి ముగిస్తాము. సంవత్సరాంతంలో మేము పిల్లలచేత జనాభా లెక్కల పాత పుస్తకాలు వెదికిస్తాము. 1860 లెక్కల్లో బానిసలకు వేరే జాబితా ఉండేది. పైన యజమాని పేరు. కింద వరుసగా వయస్సు, ఆడా మగా, ఒంటి రంగు. దాదాపు ఎక్కడా మనిషి పేరు ఉండదు. అంతర్యుద్ధం అయింది, బానిసత్వం పోయింది. 1870 లెక్కల్లోనే మొదటిసారి ఆ లక్షలమందికి పేర్లు పడ్డాయి. ఇంటిపేరు, పేరు, వయస్సు, పని, చదవగలడా, రాయగలడా అన్నీ. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, తేడా చెప్పమంటాము. ప్రశ్న అంతే.

ఆ తలుపు దగ్గరి అమ్మాయి ఊరుకోలేదు. నాయనమ్మగారిని కూర్చోబెట్టి వాళ్ల తాతల పేర్లు అడిగింది. లైబ్రరీ చుట్టూ మూడు వారాలు తిరిగింది. 1870 లెక్కల్లో తన ముత్తాతకు తాతను పట్టుకొన్నది. వయస్సు 34, పొలం కూలి, చదవలేడు, రాయలేడు, భార్య, నలుగురు పిల్లలు. తరువాత అదే తాలూకా 1860 జాబితా తెరిచి చూస్తే, ఒక యజమాని కింద '24, మగ, నలుపు' అని ఒక గీత ఉన్నది. ఆ గీత ఆయనేనా? వయస్సు సరిపోయింది. కాని అదే వయస్సువాళ్లు ఆ పేజీల్లో ఇంకా ఉన్నారు. మేము ఏమీ అనకముందే ఆ అమ్మాయి తన నివేదికలో, "కావచ్చు. రుజువు లేదు. 1870 పేజీ మాత్రం మావాళ్లదే" అని రాసింది.

ఆ నివేదిక చదివే రోజున నాయనమ్మగారు మళ్లీ అవే బట్టలు వేసుకొని, అదే చేతిసంచితో వచ్చారు. మనవరాలు ఆ పేజీ గోడమీద చూపించింది. నాయనమ్మగారు లేచి దగ్గరకు వెళ్లి, కళ్లజోడు సర్దుకొని, ఆ పేర్లు ఒక్కొక్కటే వేలితో చూపుతూ పైకి చదివారు. భార్యాభర్తలు ఇద్దరూ, పిల్లలు నలుగురూ. గదిలో ముప్ఫై మంది పిల్లలున్నారు. ఆ లోగా బెల్లు కొట్టారు. భోజనం బెల్లు. ఆమె చదవడం పూర్తయ్యేవరకు ఎవరూ లేవలేదు.

మేము గీసిన టేపు గీతలతో పిల్లలకు తెలియజేయాలనుకొన్నది ఇదేనండీ. కాని అది ఆ గీతలవల్ల రాలేదు. కాగితంవల్ల, ఓపికవల్ల, ఒక ఇంటి పెద్ద నోటివల్ల వచ్చింది.

సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు గనుక మా అనుభవం మూడు ముక్కల్లో మనవి చేస్తాము. ఒక పీరియడుకు ఒక కాగితం, ఒక ప్రశ్న చాలు. కాగితం అరపేజీకి మించనివ్వకండి, కష్టమైన మాటలకు అర్థం పక్కనే రాసి ఇవ్వండి. ఒకే సంగతిని ఇద్దరు చెప్పినవి వెదికి ఇవ్వండి, తగువు పిల్లలే పెట్టుకొంటారు. ఎవరి బాధనైనా ఆట చేసేముందు ఆ బాధ తాలూకు మనిషి గదిలో కూర్చున్నాడేమో ఒకసారి చూడండి. ఏదో ఒక రోజు తప్పకుండా కూర్చొని ఉంటాడు.